23 దగ్గరే మోగాల్సిన గంట

ముప్పై రెండేళ్ల తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఊహించుకుందాం. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 152 పౌండ్లు. నాన్నకు యాభై ఏళ్లకే షుగర్ వచ్చింది. అమెరికాలో ఇతను ఏ క్లినిక్‌కు వెళ్లినా, నర్సు బరువు తూచి అంకెలు ఎక్కించగానే కంప్యూటర్ తెర మీద బీఎంఐ 23.8 అని, పక్కనే ‘నార్మల్’ అని పడుతుంది. డాక్టర్ ఓ నవ్వు నవ్వి, ఫ్లూ టీకా వేసుకున్నారా అని అడిగి పంపించేస్తాడు. పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో అంతకుమించి ఆశించలేం కూడా.

కానీ ఆసియా మూలాలున్నవారికి బీఎంఐ 23 దాటితే షుగర్ పరీక్ష చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచీ చెబుతోంది. మిగతావారికి ఆ గీత 25. అంటే ఇదే దేశపు నిపుణుల లెక్కలో ఈ యువకుడు పరీక్ష చేయాల్సిన మనిషి. క్లినిక్ కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆరోగ్యవంతుడు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో షుగర్ ఆలస్యంగా బయటపడటానికి తిండి, బద్ధకం, వ్యాయామం లేకపోవడం అన్నీ కారణాలే. వాటి గురించి మనకు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న సందు గురించి చెప్పేవాళ్లే తక్కువ.

ఈ 23 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఎవరో ఊహించి పెట్టిన అంకె కాదు. అమెరికాలో ఉంటున్న ఆసియన్లకు పరీక్షలు చేసి చూస్తే, 25 గీత పెట్టుకున్నప్పుడు షుగర్ ఉన్నవారిలో మూడో వంతుకు పైగా తప్పించుకుపోతున్నారని తేలింది. గీతను 23కు దించితే ఎక్కువమంది దొరుకుతున్నారు. అందుకే మార్చారు.

శరీరం లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి వైద్య విద్యార్థులకు చూపించే ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. స్కాన్ చేస్తే మాత్రం యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకం ఒకటే అయినా లోపలి సరుకు వేరు. మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వు కూడా చర్మం కింద కాకుండా పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ పనిని అడ్డుకునేది ముఖ్యంగా ఆ కొవ్వే.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2011 నుంచి 2016 వరకు అమెరికా ప్రభుత్వం జరిపిన ఆరోగ్య సర్వేను విశ్లేషించి 2019లో జామా పత్రికలో ప్రచురించారు. డాక్టర్ ముందే చెప్పినవారినే కాదు, అక్కడికక్కడ రక్తపరీక్ష చేసి తేల్చినవారినీ కలిపిన లెక్క అది. వయసు తేడాలను సరిచేశాక తెల్లజాతివారిలో షుగర్ 12.1 శాతం ఉంటే, దక్షిణాసియా మూలాలవారిలో 23.3 శాతం ఉంది. తూర్పు ఆసియావారిలో అది 14 శాతమే. ‘ఏషియన్’ అని ఒకే గడిలో టిక్కు పెట్టించుకున్నంత కాలం చైనా, కొరియా, భారత్ మూలాలవారంతా ఒకే రాశిలో కలిసిపోయారు. మన అంకె ఆ రాశిలో మునిగిపోయింది.

నడుము కొలతదీ అదే కథ. అమెరికా ప్రామాణికం ప్రకారం మగవారికి 40 అంగుళాలు, ఆడవారికి 35 అంగుళాలు దాటితే ప్రమాదం. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దక్షిణాసియావారికి పెట్టిన గీతలు 90, 80 సెంటీమీటర్లు. అంటే సుమారు ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర అంగుళాలు. ప్యాంటు సైజు 36 వేసుకుంటూ ‘నేనేం లావు కాదులే’ అనుకునే వారంతా ఈ మాట ఒకసారి ఆలోచించుకోవాలి. కొలవాల్సింది ప్యాంటు కట్టుకునే చోట కాదు, పక్కటెముకలకు, తుంటి ఎముకకు మధ్యన.

బిల్లు ఎవరు కడతారు?

అసలు చిక్కు ఇక్కడుంది. ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం ప్రకారం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల కమిటీ ‘ఏ’ లేదా ‘బీ’ గ్రేడు ఇచ్చిన పరీక్షలను చాలావరకు బీమా సంస్థలు కోపే, డిడక్టిబుల్ లేకుండా చేయించాలి. 2021లో ఈ కమిటీ షుగర్ పరీక్షకు ‘బీ’ గ్రేడు ఇచ్చింది. ఎవరికి? 35 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి, బరువు ఎక్కువున్నవారికి. ఆసియన్లకు బీఎంఐ 23 దగ్గరే పరీక్ష చేయడం, 35 కంటే ముందే చేయడం ఆలోచించమని డాక్టర్లకు సూచించింది కూడా. అయితే అది ప్రధాన వాక్యంలో లేదు, కింద వివరణలో ఉంది. బీమా సంస్థ చదివేది ప్రధాన వాక్యమే.

అందువల్ల మన ముప్పై రెండేళ్ల యువకుడు పట్టుబట్టి పరీక్ష చేయించుకున్నా, అది ‘నివారణ’ పద్దులో పడుతుందో, ‘రోగ నిర్ధారణ’ పద్దులో పడి డిడక్టిబుల్‌కు జమ అవుతుందో ముందే చెప్పలేం. అదంతా డాక్టర్ ఆఫీసు ఏ కోడ్ వేసిందన్నదాని మీద ఆధారపడుతుంది. ‘ఊరికే అలసటగా ఉంటోంది డాక్టర్, షుగర్ చూడండి’ అంటే అది లక్షణానికి చేసిన పరీక్ష అయిపోతుంది. ‘నాకు ఏ లక్షణాలూ లేవు, మా నాన్నకు షుగర్ ఉంది, నేను దక్షిణాసియా మూలాలున్నవాణ్ని, నా బీఎంఐ 23 దాటింది, స్క్రీనింగ్ కావాలి’ అంటే వేరు. రెండూ నిజమైన సందర్భాలే, కాబట్టి అబద్ధం చెప్పమని కాదు. నిజంగా లక్షణాలుంటే చెప్పి తీరాలి. లేనప్పుడు మాత్రం ఏ మాట వాడితే ఏ పద్దులో పడుతుందో తెలిసి ఉండటం మంచిది. ల్యాబ్‌కు వెళ్లేముందు బీమా కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి అడగడం ఇంకా మంచిది.

ఆ టాస్క్‌ఫోర్స్ భవితవ్యం కూడా ఇప్పుడు రాజకీయాల్లో చిక్కుకుంది. ఉచిత నివారణ పరీక్షల నిబంధన చెల్లుతుందని 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మంచిదే. కానీ అదే తీర్పు కమిటీ సభ్యులను తొలగించే, సిఫార్సులను సమీక్షించే అధికారం ఆరోగ్య మంత్రికి ఉందని స్పష్టం చేసింది. అంటే వివరణలో ఉన్న 23 ప్రధాన వాక్యంలోకి ఎక్కడమైనా, ఉన్నది ఊడిపోవడమైనా, ఇకపై శాస్త్రవేత్తల చేతుల్లోనే ఉండదు.

డయాబెటిస్ అసోసియేషన్ మాత్రం 2022 నుంచి బరువుతో సంబంధం లేకుండా 35 ఏళ్లు దాటిన ప్రతివారికీ పరీక్ష చేయాలంటోంది. అంతకుముందు ఆ వయసు 45.

అంకె ఒకటే, పేర్లు రెండు

పరీక్ష చేయించుకున్నాక కూడా గందరగోళం తీరదు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకుమించి, పరగడుపు గ్లూకోజ్ 126 లేదా అంతకుమించి ఉంటే షుగర్. లక్షణాలు లేనప్పుడు ఒక్క పరీక్షతో ముద్ర వేయరు, రెండోది కూడా దాన్ని బలపరచాలి. ఇంతవరకు అన్ని దేశాల్లో దాదాపు ఒకటే. దానికి ముందు దశ దగ్గరకొచ్చేసరికి దారులు వేరవుతాయి. హెచ్‌బీఏ1సీ 5.8 వస్తే న్యూజెర్సీలో ‘ప్రీడయాబెటిస్’ అంటారు, ఎందుకంటే అక్కడ గీత 5.7. లండన్‌లో ఉన్న తమ్ముడికి అదే ఫలితం 40 అని వస్తుంది. అక్కడి కొలమానం వేరు, గీత 42 దగ్గర మొదలవుతుంది. కాబట్టి అతనికి ఏమీ లేదంటారు. అన్నదమ్ములిద్దరూ వాట్సాప్‌లో రిపోర్టులు పంపుకొని ఒకరు భయపడటం, ఒకరు ధీమాగా ఉండటం అర్థం లేని పని.

హెచ్‌బీఏ1సీ మీద ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, ముఖ్యంగా ఆడవారి విషయంలో. ఈ పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే షుగర్ లేకపోయినా అంకె పైకి చూపించవచ్చు. తలసీమియా వాహకుల్లో, ఎర్రకణాలు త్వరగా నశించే సమస్యలున్నవారిలో తప్పుదారి పట్టించవచ్చు. భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. హెచ్‌1బీ వీసా మీద వచ్చిన భర్త వెంట అమెరికాకు వచ్చినంత మాత్రాన హిమోగ్లోబిన్ పెరగదు. హెచ్‌బీఏ1సీకీ, పరగడుపు గ్లూకోజ్‌కూ పొంతన కుదరకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూడమని అడగాలి. అవసరమైతే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పాత పరీక్షే సరైనది. విసుగ్గా ఉంటుంది, సగం రోజు పోతుంది. కానీ మనవాళ్లలో పరగడుపున బాగానే ఉండి, తిన్నాక పైకి పోయే రకం తక్కువేమీ కాదు. దాన్ని పట్టేది ఆ పరీక్షే.

2024 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనుక్కునే గ్లూకోజ్ సెన్సర్లు కూడా అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. చేతికి అతికించుకుంటే ఫోన్లో గీత కనిపిస్తుంది. దోసె తిన్నాక ఒకసారి 160 కనిపించిందని రాత్రంతా నిద్రపోనివాళ్లున్నారు. ఆ సెన్సర్ జబ్బును నిర్ధారించే పరికరం కాదు, ఏది తింటే తనకు ఎంత పెరుగుతోందో తెలుసుకునే సాధనం. పది రోజులు పెట్టుకుని, అన్నం తగ్గించి పప్పు, కూర పెంచితే గీత ఎలా మారుతుందో చూసుకుని తీసేసినా చాలు.

బాలింత ఇంట్లో మరిచిపోయే పరీక్ష

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే సులువుగా పట్టుకోగలిగీ జారవిడుచుకుంటున్నది గర్భిణుల షుగర్. అమెరికాలో 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష చేస్తారు. 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి గంటకు చూస్తారు. ఎక్కువుంటే మరో రోజు పరగడుపున 100 గ్రాములు తాగించి మూడు గంటలు కూర్చోబెడతారు. మన దగ్గర చాలాచోట్ల తిన్నామా లేదా అన్నది చూడకుండా 75 గ్రాములిచ్చి రెండు గంటలకు చూస్తారు. పద్ధతులు వేరైనా ఉద్దేశం ఒకటే. అక్కడివరకు ఆస్పత్రులు బాగానే చూసుకుంటాయి.

సమస్య కాన్పు తర్వాత వస్తుంది. షుగర్ తగ్గిపోయింది, ఇక ఫర్వాలేదు అంటారు. నిజానికి నాలుగు నుంచి పన్నెండు వారాల లోపు మళ్లీ గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత జీవితాంతం ఏడాది నుంచి మూడేళ్లకోసారి చేయించుకుంటూ ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారికి తర్వాతి కాలంలో టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు, రానివారితో పోలిస్తే దాదాపు పది రెట్లు. ఆ నాలుగు నుంచి పన్నెండు వారాలు మన ఇళ్లల్లో ఎలా ఉంటాయో తెలిసిందే. అమ్మ వీసా మీద వచ్చి ఉంటుంది. బాలింతకు నెయ్యి, కాయం, పథ్యం వంటలు. బిడ్డ రాత్రంతా నిద్రపోదు. పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఒక్కటీ తప్పవు, తల్లి పరీక్ష ఒక్కటే తప్పుతుంది. ప్రసూతి వైద్యురాలి పని ఆరు వారాల చెకప్‌తో అయిపోతుంది. ఫ్యామిలీ డాక్టర్‌కు ఆ సంగతే తెలియదు. ఈ రెండు ఆఫీసుల మధ్య కబురు మోసే మనిషి ఎవరూ లేరు. భర్త ఆ పని నెత్తిన వేసుకోవచ్చు. ఫోన్ క్యాలెండర్‌లో ఒక తేదీ పెట్టుకోవడమే కదా.

తేలాక ఏం చేస్తారు?

ప్రీడయాబెటిస్ దశలో మందుకంటే అలవాట్ల మార్పు బలమైనదని 2002లోనే అమెరికాలో పెద్ద పరీక్షతో తేల్చారు. ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెడితే షుగర్‌గా మారే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం తగ్గింది. అదే తరహాలో చెన్నైలో జరిపి 2006లో ప్రచురించిన పరీక్షలో అలవాట్ల మార్పుతో తగ్గింది 28.5 శాతమే, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం. అక్కడి వాళ్లు అంత లావు లేరు, తగ్గించుకోవడానికి అంత బరువూ లేదు. కాబట్టి ‘బరువు తగ్గు’ అన్న ఒక్క మాట మనవాళ్లకు సరిపోదు. కండ పెంచే వ్యాయామం కూడా చేయాలి. మందు మొదలుపెట్టాలా అన్న చర్చ కూడా కాస్త ముందే జరగాలి.

ఈ అలవాట్ల మార్పును ఏడాది పాటు శిక్షకుడి సాయంతో నేర్పే కార్యక్రమం అమెరికా సీడీసీ నడుపుతోంది. అందులో చేరడానికి ఆసియన్లకు బీఎంఐ 23 చాలని నిబంధనల్లోనే రాసి ఉంది. చాలా సంస్థలు ఆన్‌లైన్‌లోనూ నిర్వహిస్తాయి, కొన్ని కంపెనీలు ఉద్యోగులకు ఉచితంగా ఇస్తాయి. ఆఫీసు హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెడితే తెలిసిపోతుంది. ఇంత మంచి దారి ఉందని తెలిసినవాళ్లు మనలో ఎంతమంది?

షుగర్ అని తేలినవారికి చికిత్స పద్ధతి గత పదేళ్లలో బాగా మారింది. ఒకప్పుడు మెట్‌ఫార్మిన్, తర్వాత గ్లిమిపిరైడ్, తర్వాత ఇన్సులిన్ అని మెట్లు ఎక్కినట్టు ఉండేది. ఇప్పుడు గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉంటే షుగర్ అంకె ఎంతున్నా సరే, ఆ అవయవాలను కాపాడే మందులను ముందే చేరుస్తున్నారు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలోంచి చక్కెరను పంపేసే రకం. వీటిని వాడుతూ ఏకాదశికో, నవరాత్రులకో కఠిన ఉపవాసం ఉండేవారు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. షుగర్ అంకె మామూలుగా కనిపిస్తున్నప్పుడు కూడా అది రావచ్చు.

సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల విషయంలో మళ్లీ అదే పాత గీత అడ్డొస్తుంది. షుగర్ ఉన్నవారికి ఇవ్వడానికి బీఎంఐ అక్కర్లేదు. బరువు కోసమైతే అమెరికాలో 30 ఉండాలి, లేదా 27తో పాటు బీపీ లాంటి మరో సమస్య ఉండాలి. అన్ని జాతులవారికీ అంతే. బ్రిటన్‌లో దక్షిణాసియా మూలాలవారికి ఈ గీతను రెండున్నర తగ్గించారు. పొట్ట, కాలేయంలో కొవ్వు, ప్రీడయాబెటిస్ మూడూ ఉండి బీఎంఐ 26 దగ్గర ఆగిన తెలుగువాడు అమెరికాలో ఈ మందుకు అర్హుడు కాడు. జబ్బు ముదిరి షుగర్‌గా మారితే అర్హుడవుతాడు. 2026 మార్చితో భారత్‌లో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరడంతో చౌక జెనెరిక్‌లకు దారి తెరుచుకుంది. ఇక సెలవులకు వెళ్లినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకునే ఆలోచన చాలామందికి వస్తుంది. మోతాదును నెమ్మదిగా పెంచాలి, చల్లగా ఉంచాలి, వాంతులు, కండ తరిగిపోవడం లాంటివి గమనించే డాక్టర్ ఉండాలి. కండ మొదటే తక్కువున్న మనుషులకు ఆ చివరిది చిన్న విషయం కాదు.

సూట్‌కేసులో వచ్చే మాత్రలు

సూట్‌కేసు అంటే గుర్తొచ్చేది అమ్మానాన్నలు, అత్తమామలు. ఆరు నెలలకు సరిపడా మందులు తెచ్చుకుంటారు, మంచి పనే. అయితే అక్కడ విరివిగా వాడే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, గ్లిక్లజైడ్, వోగ్లిబోస్ అమెరికాలో అనుమతి పొందిన మందులు కావు. ఒకే మాత్రలో రెండు మూడు కలిపినవి మరీ కష్టం. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే బ్రాండ్ పేరు చూసి అక్కడి డాక్టర్‌కు ఏమీ తెలియదు. స్ట్రిప్ మీద బ్రాండ్ కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు, మిల్లీగ్రాములు, ఎప్పుడు వేసుకుంటారో ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టడం విమానం ఎక్కకముందే చేయాల్సిన పని.

వీటిలో ప్రమాదకరమైనది గ్లిమిపిరైడ్. చవక, బాగా పనిచేస్తుంది, తెలుగు రాష్ట్రాల్లో కోకొల్లలుగా వాడతారు. తినకపోయినా షుగర్‌ను దించేస్తూనే ఉంటుంది. ఇరవై గంటల ప్రయాణం, తలకిందులైన నిద్ర, విమానంలో నచ్చని తిండి, వచ్చిన వారం రోజులు మధ్యాహ్నమంతా మగతగా పడుకోవడం... మాత్ర మాత్రం టైముకు వేసుకుంటారు. షుగర్ పడిపోయి చెమటలు పట్టి తూలిపడితే, ఇంట్లో వాళ్లు అది జెట్‌లాగ్ అనుకుంటారు. ఈ తరగతి మందులను వృద్ధులకు మొదటి ఎంపికగా వాడొద్దని అమెరికా వృద్ధవైద్య సంఘం 2023లో చెప్పింది. అలాగని పిల్లలు తమంతట తాము ఆపేయకూడదు. ప్రయాణం రోజుల్లో మోతాదు ఎలా మార్చుకోవాలో హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్న డాక్టర్‌ను ముందే అడిగించాలి. డెబ్బై అయిదేళ్ల మనిషికి, గుండె, కిడ్నీ సమస్యలు కూడా ఉంటే, హెచ్‌బీఏ1సీ 8 లోపున్నా చాలని డయాబెటిస్ అసోసియేషన్ అంటుంది. ఆయన్ను 6.2కు దించానని మురిసిపోవాల్సిన పనిలేదు.

అరికాళ్ల తిమ్మిరి గురించి కూడా ఒక మాట. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గుతుంది. శాకాహారులకు అది ముందే తక్కువ. తిమ్మిరి అనగానే షుగర్ నరాలను తినేసిందని తీర్మానించేముందు బీ12 పరీక్ష చేయించాలి. లోపం ఉంటే మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో సరిచేయవచ్చు.

డబ్బు విషయానికొస్తే, విజిటర్ బీమా పాలసీలు చాలావరకు ముందునుంచీ ఉన్న జబ్బుల మామూలు చికిత్సకు పైసా ఇవ్వవు. ఆకస్మికంగా ముదిరితే కొన్ని షరతుల మీద ఇస్తాయి, వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. మందులు అయిపోతే మాత్రం బెంబేలెత్తాల్సిన పనిలేదు. మెట్‌ఫార్మిన్ లాంటి పాత జెనెరిక్‌లు పెద్ద గొలుసు దుకాణాల్లో బీమా లేకుండానే కొద్ది డాలర్లకు దొరుకుతాయి. ప్రిస్క్రిప్షన్ కావాలి అంతే. ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి.

గుండె లెక్కలో మాయమైన జాతి

షుగర్‌తో ముడిపడిన గుండె విషయంలో ఓ వింత జరుగుతోంది. 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ‘ముప్పు పెంచే అంశం’గా పేరుపెట్టి మరీ చెప్పాయి. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ‘ప్రివెంట్’ అనే కొత్త లెక్క తెచ్చింది. అందులో జాతి ప్రస్తావన తీసేశారు. నల్లజాతివారికి పాత లెక్కల వల్ల జరిగిన అన్యాయం దృష్ట్యా దానికి కారణం ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన బీపీ మార్గదర్శకాలు ఈ కొత్త లెక్కనే వాడమన్నాయి. బీపీ 130/80 దాటినవారిలో ఎవరికి వెంటనే మందివ్వాలో, ఎవరికి మూడు నుంచి ఆరు నెలలు అలవాట్ల మార్పుతో ఆగి చూడాలో అదే నిర్ణయిస్తుంది. పాత లెక్కతో పోలిస్తే ఇది ముప్పును తక్కువగా చూపుతుంది. మన నలభై ఏళ్లవాడికి రెండు శాతమో, మూడు శాతమో వస్తుంది. ఆ అంకెలో అతని పుట్టుక లేదు, నలభై ఎనిమిదికే స్టెంటు పడిన అతని బాబాయి లేడు.

కాబట్టి కుటుంబ చరిత్రను రోగే నోరు విప్పి చెప్పాలి. లైపోప్రొటీన్ ఏ పరీక్షను పెద్దవారంతా జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాలని అమెరికా నేషనల్ లిపిడ్ అసోసియేషన్ 2024లో సిఫార్సు చేసింది. దక్షిణాసియావారిలో నాలుగో వంతు మందికి అది ఎక్కువగా ఉంటుంది. మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో అది రాదు, అడిగితేనే రాస్తారు. స్టాటిన్ మొదలుపెట్టేటప్పుడు ఇంకో చిన్న సంగతి ఉంది. రొసువాస్టాటిన్ ఆసియన్ల రక్తంలో దాదాపు రెట్టింపు మోతాదులో చేరుతుంది కాబట్టి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని అమెరికాలో మందు లేబుల్ మీదే ఉంది. ఒళ్లు నొప్పులని మొత్తం మానేసేవారు ముందు ఆ మోతాదు గురించి అడగాలి.

దక్షిణాసియన్ల గుండె ఆరోగ్యంపై పరిశోధన, అవగాహన కోసం కాంగ్రెస్ సభ్యురాలు ప్రమీలా జయపాల్ తెచ్చిన బిల్లును 2022లో ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లో ముందుకు కదలక చట్టం కాలేదు. మనకంటూ సొంత సమాచారం కూడా తక్కువే. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 906 మందితో 2010లో మొదలైన మసాలా అధ్యయనం ఇప్పటికీ అమెరికా డాక్టర్లకు మన గురించి ఉన్న ముఖ్యమైన ఆధారం. 2024లో ఫెడరల్ ప్రభుత్వం జాతి వివరాల ఫారాలను మార్చి, ‘ఏషియన్’ కింద ‘ఏషియన్ ఇండియన్’ గడిని విడిగా పెట్టమంది. అన్ని శాఖల్లో అమలు కావడానికి ఏళ్లు పడుతుంది. ఆ గడి కనిపించినప్పుడు ‘చెప్పడం ఇష్టం లేదు’ అని టిక్కు పెట్టేవారు, తమ అంకెను తామే మళ్లీ ఆ పెద్ద రాశిలో కలిపేస్తున్నట్టు.

తెలుగు సంఘాల సభల్లో ఉచిత ఆరోగ్య శిబిరాలు ఎప్పటినుంచో జరుగుతున్నాయి. బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, పక్కనే భోజనాల క్యూ ఉంటుంది. భోంచేశాక చూసిన ఆ ఒక్క అంకెతో ఎవరికీ ఏమీ తేలదు. దాని బదులు ఒక కొలత టేపు, ఎత్తుకు తగ్గ బరువును 23 గీతతో చూపే ఒక చార్టు పెట్టుకుంటే చాలు. చిన్న కార్డు మీద నడుము కొలత, బీఎంఐ, ఇంట్లో ఎవరికి ఏ వయసులో షుగరో గుండెపోటో వచ్చిందో, కాన్పు సమయంలో షుగర్ ఉందా అన్నది రాసి చేతిలో పెడితే, ఆ మనిషి సోమవారం పొద్దున తన డాక్టర్ బల్ల మీద దాన్ని పెట్టగలడు.